మేనేజరు కావలెను

ఉదయం ఏడున్నర కాకముందే తమ్ముడి దగ్గర నుంచి అక్కకు నాలుగో ఫోను వచ్చింది. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. ఆయన భార్యతో పై అంతస్తులో, ఆమె కింద వంటగది పక్క గదిలో. మధ్యలో ఉన్నవి పద్దెనిమిది మెట్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయనకు ఒక కాలు సన్నబడి పొట్టిదైంది కాబట్టి మెట్లు దిగడం కష్టమే. కానీ గొంతెత్తి పిలిస్తే పలికే మనిషికి ఫోను చెయ్యడానికీ కాలికీ ఏం సంబంధం? అది అలవాటు, అంతే.

"అక్కా, నా కళ్ళజోడు చూశావా?"

"మంచం పక్క సొరుగులో, మందుల డబ్బా కింద."

"మందులు వేసుకున్నానా నేను?"

"వేసుకోలేదు. కళ్ళజోడు తీసేటప్పుడు ఎలాగూ డబ్బా తగులుతుంది, వేసుకో."

ఫోను పెట్టేసి ఆమె పొయ్యి మీద పొంగబోతున్న పాలను దింపింది. వయసు యాభై మూడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఖాళీ దొరకలేదు" అంటుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. అందులో నవ్వడానికి ఏమీ లేదని వాళ్ళకు తెలియదు.

తమ్ముడు పదకొండేళ్ళ కిందట పెట్టిన వర్క్‌షాపు రెండు వీధుల అవతల ఉంది. అక్కడ మామూలు చెప్పులు కుట్టరు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు, పాదం వంకర తిరిగినవాళ్ళకు, షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకు, ఎవరి పాదం వాళ్ళదే కొలిచి బూట్లు తయారుచేస్తారు. ఇప్పుడు పదిహేడు మంది పనివాళ్ళున్నారు. తమ్ముణ్ణి సభలకు పిలుస్తారు. మైకు ముందు నిలబడి, "నా కాలే నాకు దారి చూపించింది" అంటాడు. చప్పట్లు మోగుతాయి. ఆ సభకు వేసుకెళ్ళిన చొక్కా ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆయనకు తెలియదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

వర్క్‌షాపులో అక్కకు హోదా అంటూ ఏదీ లేదు. కొలతలు తీసేది ఆమె, తోలు తెప్పించేది ఆమె, ఎవరికి సెలవు కావాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. తయారైన బూట్లను మనిషికి తొడిగి, పది అడుగులు నడిపించి చూడనిదే గడప దాటనివ్వదు. "అక్కను అడగండి" అన్నదే ఆమె ఉద్యోగం పేరు.

ఎనిమిదింటికి తమ్ముడు కిందికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది. శనివారం ఆలస్యంగా వెళ్ళినా ఫర్వాలేదు కాబట్టి నెమ్మదిగా రొట్టె ముక్కలకు వెన్న రాస్తోంది.

"రేపు ముగ్గురు వస్తున్నారక్కా, ఇంటికే రమ్మన్నాను" అన్నాడాయన. "మేనేజరు ఉద్యోగానికి. ఇక అందరి పైనా ఒక గట్టి మనిషి లేకపోతే లాభం లేదు. నర్సమ్మ సంగతి చూశావుగా."

అక్క ఆయన కప్పులో టీ పోసింది.

"సోమవారం మేస్త్రిని పంపించేస్తాను" అన్నాడు. "ఆవిడ గుండె బలహీనం, తుంటికి ఆపరేషన్ కుదరదన్నారట. ఇక నడవదు. ఒక మనిషి మంచాన పడ్డాక కూడా వాణ్ణి ఉంచుకుంటే, మన దగ్గరికి ఎవరు కాళ్ళు చాపుతారు?"

"తప్పు మేస్త్రిదేనని తెలిసిందా?" అని భార్య అడిగింది.

"కుట్టింది వాడేగా! కొలత కాగితం ఏదిరా అంటే కనపడటం లేదంటాడు. పైగా ఈ పదకొండు రోజులుగా సాయంత్రం నాలుగింటికే వెళ్ళిపోతున్నాడు. తప్పు చేసినవాడికి పని మీద ధ్యాసుంటుందా? ఏమంటావక్కా?"

"టీ చల్లారిపోతోంది" అంది అక్క.

జరిగింది ఇదీ. రిటైరైన నర్సమ్మ ఒకావిడకు కుడికాలు పద్దెనిమిది మిల్లీమీటర్లు పొట్టి. ఆ కాలి బూటుకు అడుగున ఎత్తు పెట్టాలి. తయారై వచ్చిన జతలో ఎత్తు ఎడమ బూటుకు ఉంది. అసలే పొడుగ్గా ఉన్న కాలు ఇంకా పొడుగైంది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, కొత్త బూట్ల సరదా కొద్దీ ఎవరినీ పిలవకుండా తొడుక్కుని వాకిట్లో మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద కాలు పడలేదు. మనిషే పడిపోయింది.

ఆ వార్త తెలిసిన రోజే అక్క ఫైలు తీసి చూసింది. కాగితం మీద ఉన్నది ఆమె అక్షరాలే. "ఎడమ, 18."

కొలత తీసేవాళ్ళు మనిషికి ఎదురుగా, నేల మీద కూర్చుంటారు. వాళ్ళ కుడికాలు మన ఎడమచేతి వైపు ఉంటుంది. అందుకే పనిలో చేరిన ప్రతివాడికీ ఆమె మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది: "రాసేటప్పుడు వాళ్ళ కాళ్ళలో నిలబడి రాయాలి." పదకొండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ రోజు మాత్రం తను కూర్చున్న చోటి నుంచే రాసేసింది. బూట్లు తయారైన రోజు పది అడుగులు నడిపించి చూసినా పసిగట్టేది. ఆ మధ్యాహ్నం ఆమె వర్క్‌షాపులో లేదు. బూట్లు కొరియర్‌లో వెళ్ళిపోయాయి.

ఆ కాగితాన్ని మడిచి తన బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకు తెలుసు. ఈ పని తప్ప ఆమెకు వేరే బతుకు లేదు. "అక్క చూసిందంటే తిరుగుండదు" అన్న ఒక్క మాటే ఆమె సంపాదన. అది పోతే మిగిలేది వంటగది పక్క గది. భయం వేసింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండిపోయింది.

ఆమె వర్క్‌షాపుకు వెళ్ళేసరికి మేస్త్రి అలమరలోని ఫైళ్ళన్నీ దింపి నేల మీద పరిచి కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. ఏ పని చెప్పినా "నిదానమే ప్రధానం" అంటాడు కాబట్టి ఆయన పేరే నిదానం మేస్త్రి అయింది. తొందరపెట్టిన కొద్దీ ఇంకా నెమ్మదిగా కుడతాడని పనివాళ్ళు ఏడిపిస్తారు. ఆయన కుట్టిన జత వెనక్కి తిరిగి రావడం ఎవరూ చూడలేదు, ఈ ఒక్కటి తప్ప.

"ఏం వెతుకుతున్నారు మేస్త్రీ?"

"అదేనమ్మా, ఆ కాగితం. మూడుసార్లు చూశాను. ఒకవేళ పక్క ఫైల్లో కలిసిపోయిందేమోనని."

"దొరికితే ఏం చేస్తారు?"

ఆయన తల ఎత్తలేదు. "చూసుకుంటానమ్మా. కుడి అని రాసి ఉంటుంది కదా. నేను దాన్ని ఎడమ అని ఎలా చదివానో నాకు తెలియాలి. కళ్ళు పోతున్నాయా, బుర్ర పోతోందా? ఏది పోతోందో తెలిస్తే దానికి తగ్గట్టు మానేస్తాను. తెలియకుండా మానేస్తే మనసు ఊరుకోదు."

"మీరే తప్పు చదివారని ఎందుకనుకుంటున్నారు?"

"మరి ఇంకెవరమ్మా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. ఆ ఆశ్చర్యంలో పిసరంత కూడా నటన లేదు. రాసిన చేతి వైపు ఆయన అనుమానం పోనే లేదు.

అక్క ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చెప్పేద్దామనే కూర్చుంది. "మేస్త్రీ, నేనొక మాట..." అనేసరికి ఫోను మోగింది.

"అక్కా, రేపు వచ్చేవాళ్ళకు నేను మా గదిలో కనపడాలా, కింద హాల్లోనా?"

"హాల్లో."

"కుర్చీలు?"

"నేను వచ్చి సర్దుతాను."

"ఆ బూడిదరంగు కోటు..."

"బయటికి తీసి పెడతాను. ఉంటా."

ఫోను పెట్టేసరికి మేస్త్రి ఫైళ్ళను మళ్ళీ వరుసగా అలమరలోకి ఎక్కిస్తున్నాడు. "ఏదో చెప్పబోయారమ్మా?"

"ఏం లేదు" అంది. ఫోను మీద నెపం పెట్టడానికి వీల్లేదు. ఫోను పెట్టేశాక కూడా చెప్పొచ్చు. ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రం నాలుగింటికి ఆయన గోడకున్న సంచీ తీసుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవడం కిటికీలోంచి చూసింది. మొహం చెల్లక తొందరగా పోతున్నాడనుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున హాల్లో మూడు కుర్చీలు ఇటు, ఒక కుర్చీ అటు సర్ది ఉన్నాయి. తమ్ముడు బూడిదరంగు కోటు వేసుకుని, కాలు మీద కాలు వేసుకోవడం కుదరదు కాబట్టి చెయ్యి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

మొదట వచ్చినతను మాట్లాడినంతసేపూ గోడ వైపు చెయ్యి చూపించాడు, అక్కడేదో పటం వేలాడుతున్నట్టు. ఆరు నెలల్లో ఆరు ఊళ్ళలో వర్క్‌షాపులు పెట్టిస్తానన్నాడు. బూట్లు ఎలా కుడతారో చూస్తారా అంటే, అది కింది వాళ్ళ పని అన్నాడు. రెండో అతను అన్నిటికీ సరేనన్నాడు. ఆయన వెళ్ళాక, "మంచివాడే, కానీ ఈయన్నీ ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాలి" అంది తమ్ముడి భార్య.

మూడో మనిషి ఒక ఆడమనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. తొమ్మిదేళ్ళు ఒక పెద్ద ఆస్పత్రి బట్టలుతికే విభాగాన్ని నడిపిందట. కుర్చీలో కూర్చోగానే, "మేనేజరు చెయ్యాల్సిన పనులు ఎక్కడైనా రాసుకున్నారా?" అని అడిగింది.

తమ్ముడు సంతోషంగా ఒక కాగితం ఇచ్చాడు. ఆమె చదువుకుంటూ పోయింది. "కొలతలు, తోలు ఆర్డర్లు, సెలవులు, మిషన్ల రిపేర్లు, వచ్చినవాళ్ళ ఫిర్యాదులు, తయారైన బూట్ల పరీక్ష... పదకొండు. ఆఖరున మూడు వేరేగా ఉన్నాయి. మీ ప్రయాణాలు, మీ సభల కాగితాలు, మీ సొంత పనులు." కాగితం ఒళ్ళో పెట్టుకుంది. "ఈ పద్నాలుగూ ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

"మా వాళ్ళే, ఇంట్లోవాళ్ళే చూసుకుంటుంటారు."

"ఎంతమంది?"

వంటగది గుమ్మంలోంచి భార్య అంది, "ఒక్కరే. ఆ టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డారే, ఆవిడే."

వచ్చినావిడ తల తిప్పి అక్కను చూసింది. లేచి ఆ పళ్ళెం అందుకోబోయి, ఇది తన ఇల్లు కాదు కదా అని మళ్ళీ కూర్చుంది.

"సార్, ఉద్యోగం నాకు అవసరమే. అయినా ఒక మాట చెప్తాను. మీకు మేనేజరు అక్కర్లేదు. మేనేజరు మీ ఇంట్లోనే ఉన్నారు. మీకు లేనిది ఆ ఆఖరి మూడు పనులకు మనిషి. ఒక అసిస్టెంటు."

"అసిస్టెంటా?" తమ్ముడి ముఖం మాడిపోయింది. "పదిహేడు మంది పనివాళ్ళున్న సంస్థండీ ఇది. నా చొక్కాలు సర్దడానికి మనిషిని పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"అదే సార్ చాలాచోట్ల వచ్చే చిక్కు. చిన్న కుర్చీ మనిషిని పెట్టుకోవడం నామోషీ అనుకుంటారు. పెద్ద కుర్చీ మనిషి చేత ఆ పని కూడా చేయిస్తారు. రేపు నేను చేరాననుకోండి, ఈవిడ ఇన్నాళ్ళూ మీకొక్కరికే జవాబు చెప్తోంది, ఇకనుంచి ఇద్దరికి చెప్పాలి. మీ పిలుపులు మాత్రం ఈవిడకే వస్తాయి."

"అలా కాదు లెండి. అక్క ఉండగానే పెద్ద పొరపాటు జరిగింది. మా మేస్త్రి కొలత తిప్పి కుట్టాడు. ఒకావిడ మంచాన పడింది. అందుకే వీళ్ళందరి మీదా ఒక కన్ను..."

"మేస్త్రి కాదు" అంది అక్క.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. తన గదిలోకి వెళ్ళి, దుప్పట్ల మధ్య నుంచి ఆ కాగితం తెచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. "నా రాతే. ఎడమ అని రాశాను. మేస్త్రి నేను రాసింది రాసినట్టు కుట్టాడు."

వచ్చినావిడ ఎవరూ చెప్పకుండానే సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర అక్క చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పుల చప్పుడు వీధిలోకి దిగింది.

"ఇది ఎప్పుడు చూశావు?" అన్నాడు తమ్ముడు.

"పన్నెండు రోజులైంది."

"పన్నెండు రోజులా! మొన్న అందరి ముందూ మేస్త్రిని నిలబెట్టి అడిగాను. కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చోరా అన్నాను. అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు!"

"ఉన్నాను."

"చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"నీకేమైందక్కా? వాడికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఆ పనొక్కటే వాడికి దిక్కు. రేపు వాణ్ణి గెంటేసేవాణ్ణి నేను. నా చేత ఎంత పాపం చేయించబోయావు!" ఆయన గొంతు పెరిగింది. "నాకెందుకు చెప్పలేదు? రోజుకు ముప్ఫైసార్లు మాట్లాడుకుంటామే!"

"ముప్ఫైసార్లు నువ్వు అడుగుతావు, నేను చెప్తాను. నన్ను ఏమైనా అడిగావా ఒక్కసారైనా?" అంది అక్క. వెంటనే తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఆ మాట వదిలేయ్. తప్పు నాదే. దాచింది కూడా నేనే."

"ఆ కొలత రాసిన రోజు వదిన చెవిలో ఎవరున్నారో అది కూడా అడగండి" అంది భార్య.

"వద్దమ్మా. అది చెబితే సాకు చెప్పినట్టుంటుంది."

తమ్ముడు కాగితం మీద తేదీ చూశాడు. జేబులోంచి ఫోను తీసి చాలాసేపు వెనక్కి జరుపుతూ పోయాడు. ఆరు వారాల వెనక్కి. వేలు ఒకచోట ఆగింది.

"పదకొండూ ఇరవైకి. నాలుగు నిమిషాలు మాట్లాడాను. ఏమడిగాను?"

అక్క బల్ల మీది పళ్ళెం సర్దింది.

"ఏమడిగానక్కా?"

"నీలం చొక్కాకు ఏ ప్యాంటు నప్పుతుందని."

ఆయన ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. "బూట్లు పంపించిన రోజు నువ్వెందుకు లేవు?"

"నీ ప్రసంగం కాగితాలు ఇంట్లో మర్చిపోయి వెళ్ళావు. సభ ఊరికి అటు చివర. ట్యాక్సీలో తెచ్చి ఇచ్చాను. తిరిగి వద్దామంటే, ఉండి వినమన్నావు."

ఆ రోజు చదివింది తమ్ముడికి గుర్తుంది. "ఈ సంస్థను నేను ఒంటరిగా మొదలుపెట్టాను" అన్నదే మొదటి వాక్యం. వెనక వరసలో అక్క కూర్చుని చప్పట్లు కొట్టింది. తనకు ఏడేళ్ళప్పుడు తన పొట్టి కాలి చెప్పుకు పాత టైరు ముక్క కోసి మేకులు కొట్టి ఇచ్చిన అక్క. తను చప్పట్లు వింటున్న ఆ గంటలోనే నర్సమ్మ బూట్లు వర్క్‌షాపు గడప దాటాయి.

ఆయన బూడిదరంగు కోటు విప్పి పక్కన పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "నువ్వు అలిసిపోయావనే అనుకున్నానే. నీ మీద ఒకరుంటే నీకు బరువు తగ్గుతుందనుకున్నాను."

"నెత్తి మీద మూట ఉన్న మనిషికి సాయమని, ఆ మూట మీద ఇంకో మనిషిని ఎక్కిస్తావట్రా?" అంది అక్క. అంటూనే ఆమెకూ ఏడుపొచ్చింది. తమ్ముడి భార్య వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఎవరిని ఓదార్చాలో తెలియక చివరికి చల్లారిన టీ కప్పులు తీసేసింది.

"మీ చొక్కాల సంగతి రేపటి నుంచి ఎవరినైనా పెట్టుకుందాం" అంది గుమ్మం దగ్గర ఆగి. "దొరికేదాకా మీరే వెతుక్కోండి."

ఆయన తలూపాడు. "సోమవారం మేస్త్రితో నేనే మాట్లాడతాను."

"ముందు నర్సమ్మ దగ్గరికి వెళ్ళాలి" అంది అక్క. "ఇవాళే. పన్నెండు రోజులుగా మనం ఆవిడ మొహం చూడలేదు. పళ్ళు పంపించాం, ఆస్పత్రి ఖర్చు పంపించాం, మనుషులం మాత్రం వెళ్ళలేదు. నువ్వెందుకు వెళ్ళలేదో గాని, నేను భయపడి వెళ్ళలేదు."

నర్సమ్మ ఇల్లు ఒక సందు చివర ఉంది. వాకిట్లో నాలుగు మెట్లు. తమ్ముడు గోడ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కాడు. రెండో మెట్టు దగ్గర అక్క కాలు ముందుకు పడలేదు. తమ్ముడే చెయ్యి ఇచ్చాడు.

తలుపు తీసిన కూతురు వాళ్ళను గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, పక్కకు తప్పుకుంది. ముందు గదిలోనే మంచం వేశారు. మందుల వాసన. నర్సమ్మ ఎముకల గూడులా ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆ మంచం పక్కన, కిటికీ కింద స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఆమె మోకాలి కింద పెట్టే మెత్తటి దిండుకు తోలు తొడుగు కుడుతున్నాడు. నెమ్మదిగా, ఒక్కొక్క కుట్టే లాగి చూసుకుంటూ.

నిదానం మేస్త్రి.

"మీరిక్కడ..." అన్నాడు తమ్ముడు.

మేస్త్రి గబుక్కున లేచి నిలబడ్డాడు. "రోజూ సాయంత్రం వస్తున్నానయ్యా. ఆదివారం కదా, పొద్దున్నే వచ్చాను. పక్క తిప్పడానికి అమ్మాయి ఒక్కదానికి బలం చాలడం లేదు. నా వల్ల జరిగింది, నేను కాకపోతే ఎవరు..."

"మొదటి వారం రోజులూ ఈయన్ని తిట్టని తిట్టు తిట్టాను" అంది కూతురు. "ఒక్కదానికీ తిరిగి మాట్లాడలేదు."

అక్క మంచం దగ్గరికి వెళ్ళింది. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలేవీ రాలేదు. "అమ్మా, మేస్త్రి తప్పు లేదు. కొలత రాసింది నేను. కుడికి బదులు ఎడమ అని రాశాను. ఆ కాగితం దాచేశాను" అని మాత్రం అంది.

మేస్త్రి చేతిలోని తొడుగు మంచం అంచు మీద పెట్టేశాడు.

నర్సమ్మ ఆమె వైపు తల తిప్పింది. "నాకు తెలుసమ్మాయ్" అంది. గొంతు సన్నగా ఉంది. "కుడికాలే అని రెండుసార్లు చెప్పాను. నీ చెవి ఫోనుకుంది. తల ఊపావు, నవ్వావు, రాసుకున్నావు. ముప్ఫై ఆరేళ్ళు వార్డుల్లో తిరిగిన దాన్ని, వినకుండా రాసే చెయ్యి నాకు తెలియదా? నేనూ గట్టిగా చెప్పాల్సింది. అందరూ నిన్ను అంత పొగిడారు కదా, సరిగానే రాసి ఉంటావనుకున్నాను."

"మరి ఈయనకు ఇన్నాళ్ళూ చెప్పలేదా?" అంది అక్క.

"చెప్పకుండా ఉంటానా? మొదటి రోజే చెప్పాను. బాబూ, కుట్టినవాడిది కాదు తప్పు, రాసినావిడది అని." నర్సమ్మ మేస్త్రి వైపు చూసింది. "నమ్మలేదు. 'మా అక్కయ్యగారు అలా రాయరమ్మా, మీరు పొరబడ్డారు, నేనే తప్పు చదివుంటాను' అన్నాడు. పన్నెండు రోజులుగా రోజూ చెప్తున్నాను, రోజూ అదే మాట."

అక్క నేల మీద కూలబడిపోయింది. మంచం కోడు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. పనివాళ్ళ ముందు ఏనాడూ కంటతడి పెట్టని మనిషి, పరాయి ఇంట్లో, పరాయివాళ్ళ ముందు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తను కాగితం దాచి నిలబెట్టుకున్న పేరును ఈ మనిషి తన వీపు మీద దెబ్బలు తింటూ కాపాడుతూ వచ్చాడు. అది తెలిసే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తమ్ముడు గుమ్మం దగ్గర నుంచి కుంటుతూ ముందుకు వచ్చాడు. "ఆ ఫోనులో ఉన్నది నేనమ్మా" అన్నాడు నర్సమ్మతో. "ఒక చొక్కా కోసం చేశాను." ఆ తర్వాత మేస్త్రి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

మేస్త్రి ఆ జోడించిన చేతుల్ని విడదీసి కిందికి దింపాడు. అక్క దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఏడవకండమ్మా అని కూడా అనలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. మీద పడ్డ నింద పోయింది. అందుకు సంతోషించాల్సిన మనిషి, ఇంట్లో ఎవరో పోయినట్టు ఏడుస్తున్నాడు. ఆయనకు ఏం పోయిందో ఆ గదిలో అక్క ఒక్కదానికే తెలుసు.

కాసేపయ్యాక ఆయన మొహం తుడుచుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టి తొడుగు కుట్టడం పూర్తి చేశాడు. పళ్ళతో దారం తెంపాడు. కూతురు ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని నర్సమ్మను తిప్పి, ఆ దిండు మోకాలి కింద సర్దారు. సూది, మైనం సంచీలో పెట్టుకున్నాడు.

అప్పుడు అక్క ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"రేపు నేను పనికి రానమ్మా" అన్నాడు.

ఆమె తలెత్తింది. ఆ మాటకు సిద్ధపడే వచ్చింది. "మీ ఇష్టం మేస్త్రీ" అంది.

"ఎల్లుండి వస్తాను" అన్నాడు నిదానం మేస్త్రి. "నాకు ఒక్క రోజు పడుతుంది."